నల్లజీడి గుర్తు

శుక్రవారం నాకు సెలవు.
మాంబలంలో లోకల్ ఎక్కి పల్లావరంలో దిగుతాను.
వారమంతా నేను మడతపెట్టేది కొత్త చీరలు,
కొనుక్కునేది మాత్రం
ఎవరో కట్టి విడిచినవి.

హాస్టల్లో తేన్మొళి ముక్కు చిట్లిస్తుంది.
"చచ్చినోళ్ళవేమో అక్కా."
కావచ్చు.
నా చేతి గడియారం మా నాన్నది, ఆయనా లేడు,
టైము సరిగ్గానే చూపిస్తోంది.

టీ నగర్‌లో ఆరంతస్తుల కొట్టు మాది.
మాది అనడం అలవాటు.
నాది మూడో అంతస్తులో ఒక బల్ల,
దాని వెనక రెండు పాదాలు పట్టేంత చోటు.
రోజుకి మూడొందల చీరలు విప్పుతాను,
రెండొందల ఎనభై మళ్ళీ మడుస్తాను.
నగరిలో మా నాన్న మరమగ్గం పక్కన
చెవుడు వచ్చేదాకా నిలబడి దించిన నూలుని
ఇక్కడ ఒకామె మూడు సెకన్లు చూసి
"కొత్తవి లేవా" అంటుంది.
అది నిన్న వచ్చిన బేలు.

సంతలో టార్పాలిన్ మీద గుట్ట.
విమానం ఒకటి పొట్ట చూపించుకుంటూ
నెత్తిమీదుగా దిగుతుంది.
దేశింగు తలెత్తడు.
"ఏదైనా అరవై" అంటాడు విమానంతో సహా.

నేను కళ్ళతో కొనను.
మోచేతిదాకా గుట్టలోకి చెయ్యి పెడతాను.
పాలియెస్టరు చేపలా జారిపోతుంది,
నూలు ఆగుతుంది,
అదే నా వేళ్ళని పట్టుకుంటుంది.

మొన్న చేతికి అట్టముక్క తగిలింది.
లాగితే వంగపండు రంగు చీర,
మా కొట్టు చీటీ, మా అంతస్తు అంకె,
ఎర్రసిరాలో తగ్గింపు ధర.
ఫాల్ కుట్టలేదు, జాకెట్టు ముక్క కత్తిరించలేదు.
మడత చూశాను:
కొంగు లోపలికి, అంచు మీదికి అంచు,
చివర బొటనవేలితో ఒక నొక్కు.
ఆ నొక్కు నాది.

దీపావళి రద్దీలో అయ్యుంటుంది.
"ఇదొక్కటే మిగిలింది మేడమ్" అనీ ఉంటాను.
లోపల ఇంకా నలభై ఉన్నాయి.
ఒక్కసారైనా ఒంటికి తగలకుండా
ఏ స్టీలు డబ్బాకో మారి
నాకంటే ముందే పల్లావరం చేరింది.

కొనలేదు.
జాలిపడి కొన్నా కొనడమే కదా.
ఇక్కడా చెయ్యి ఊరుకోదు.
అరవయ్యే గదా అని మూడేసి తెచ్చి
ట్రంకుపెట్టెలో కుక్కిన శుక్రవారాలు ఉన్నాయి నాకు,
మూత మీద కూర్చుంటేగాని గొళ్ళెం పడనివి.

దానికిందే దొరికింది ఇది.
వడిలిన తమలపాకు రంగు.
మోకాలి దగ్గర చిరుగు,
చిరుగు మీద రఫ్ఫు.
నిలువుగా పోగులు పోసి
ఒకటి విడిచి ఒకటి అడ్డంగా ఎక్కించి
అర్ధరూపాయంత మగ్గం నేశారు ఎవరో.
ఒక మధ్యాహ్నమంతా కళ్ళు చికిలించి ఉంటారు.
కొంగు మూలన నల్లజీడి గుర్తు,
మూడు చుక్కలు, ఒక అడ్డగీత.
గీత ఏ వీధో, చుక్కలు ఎన్నో ఇల్లో
వేసిన చాకలికే తెలియాలి.

అరవై ఇచ్చాక
ఆ వంగపండు చీర మడత విప్పేసి
కొంగు బయటికి లాగి గుట్టమీద పరిచాను.
"ఏం పాపా, మడిచింది పాడుచేస్తావేం?"
విప్పితేనే పోతుంది అన్నా, అమ్ముకో.
దాని గురించి నాకు తెలుసు.

రాత్రి బకెట్లో నానబెట్టాను.
నీళ్ళలోకి రంగేమీ దిగలేదు,
దిగాల్సింది ఎవరి బకెట్లోనో ఎప్పుడో దిగిపోయింది.
తేన్మొళి వచ్చి గొంతుక్కూర్చుంది.
తడి కొంగు మూల పట్టుకుని
గోటితో ఆ చుక్కల్ని గీకింది.
"ఇది పోదా అక్కా?"
పోదు.
"మరి నీదని ఎట్లా తెలుస్తుంది?"